ఆడపిల్లల పోటీ వేరుగా ఎందుకు, ఎంతవరకు

(ఒంగోలులో వ్యాయామ ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల సమావేశంలో ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. నాతోపాటు ఏళ్ళ తరబడి ఎండలో విజిల్ పట్టుకుని నిలబడిన తోటి పీఈటీలకు, పీడీలకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు మరీ మరీ నమస్కారం.

ఆటల పోటీల్లో ఆడ, మగ విభాగాలు విడివిడిగా పెట్టడం న్యాయమేనా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. "ఇందులో మాట్లాడేదేముంది మేడం, మొదట్నుంచీ ఉన్నదేగా" అని పొద్దున ఒక మాస్టారు నాతో అన్నారు. మొదట్నుంచీ ఉన్నవి మనం చాలా చూశాం. కొన్ని ఉండాల్సినవి, కొన్ని ఎప్పుడో పోవాల్సినవి. ఏది ఏదో తేలాలంటే ప్రతిదాన్నీ నిలదీసి, ఎవరికోసం పెట్టారో అడగాలి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆడపిల్లలకు వేరే విభాగం ఉండాలి. ఈ విషయంలో ఎవరితోనైనా వాదిస్తాను. అయితే అందులోకి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అని గీత గీసిన పెద్దలు ఆ గీతకు కారణం చెప్పాలి. దానివల్ల పడే బరువు కూడా వాళ్ళే మొయ్యాలి. ఇప్పటిదాకా ఆ బరువంతా పదహారు, పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లల నెత్తిన పెట్టారు. నా బాధంతా అదే.

సంక్రాంతికి మన జిల్లాలో ఎన్ని ఊళ్ళలో బండలాగుడు పోటీలు జరుగుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒంగోలు గిత్త పుట్టిన గడ్డ ఇది. పోటీలకు వెళ్ళినవాళ్ళు మైకులో వినే ఉంటారు, పళ్ళను బట్టి గిత్త వయసు కట్టి పెట్టిన విభాగాలు: పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, జూనియర్స్, సీనియర్స్. ఒక్కో విభాగానికి బండ బరువు వేరు, ప్రైజు వేరు. పాలపళ్ళ జతను తీసుకొచ్చి సీనియర్ల బండకు కట్టమని ఏ కమిటీ అయినా అంటుందా? అంటే ఊరు ఊరుకుంటుందా? పాలపళ్ళ జత మీద జాలితో పెట్టిన విభాగం కాదది. పందెం అన్నాక ఎవరు గెలుస్తారో ముందే తెలియకూడదు, మేపినవాడి కష్టం, తోలేవాడి నేర్పు కనపడాలి. అందుకోసం పెట్టారు. ఆడపిల్లల విభాగానికీ కారణం అదే.

శరీరంలో తేడా ఎక్కడ మొదలవుతుందో మనందరం కళ్ళారా చూసిందే. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో మీట్‌కు పిల్లల్ని తీసుకెళ్ళిన ప్రతిసారీ నేను ఒకటి గమనించేదాన్ని. ఆరు, ఏడు తరగతుల వయసులో కొన్నిసార్లు ఆడపిల్లలే ముందు. వాళ్ళు త్వరగా పొడుగవుతారు, కాళ్ళు సాగుతాయి, పక్కన మగపిల్లలు పొట్టిగా కనపడతారు. రెండేళ్ళు గడిచి తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ మగపిల్లల గొంతు మారుతుంది, భుజాలు వస్తాయి. అదే వంద మీటర్లలో వాళ్ళు దాటిపోతారు. ఆడపిల్ల సాధన ఏమీ తగ్గి ఉండదు. పొద్దున్నే ఇద్దరూ కలిసే గ్రౌండుకు వచ్చి ఉంటారు.

దానికి మూలం టెస్టోస్టిరాన్ అనే హార్మోను. పెద్దయిన మగవాళ్ళ రక్తంలో అది లీటరుకు సుమారు 8 నుంచి 29 నానోమోల్స్ ఉంటుంది. ఆడవాళ్ళలో సాధారణంగా 2 లోపే. ఈడొచ్చే వయసులో అది మగపిల్లల ఎముకను, కండను, గుండెను, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మార్చేస్తుంది. ఫలితం రికార్డుల్లో చూడండి. వంద మీటర్లలో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లు, ఫ్లారెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 10.49. లాంగ్ జంప్‌లో మగవాళ్ళ రికార్డు 8.95 మీటర్లు, ఆడవాళ్ళది 7.52. హైజంప్‌లో 2.45, 2.10. పరుగులో పదిశాతం దగ్గర, దూకే పోటీల్లో పద్నాలుగు, పదహారు శాతం తేడా. పారిస్ ఒలింపిక్స్‌కు మగవాళ్ళ వంద మీటర్ల అర్హత సమయం సరిగ్గా 10 సెకన్లు. అంటే లోకంలో పుట్టిన ఆడవాళ్ళందరిలో ఎక్కువ వేగంగా పరిగెత్తినామె కూడా, విభాగం ఒక్కటే ఉంటే, ఆ అర్హత దరిదాపుల్లోకి రాదు. అలా ఒక్కటే ఉండుంటే జ్యోతి యర్రాజీ పేరు మనకు తెలిసేదే కాదు. విశాఖలో పుట్టి, ఆసియా చాంపియన్‌షిప్‌లో రెండుసార్లు హర్డిల్స్ స్వర్ణం గెలిచిన పిల్ల. అందుకే "సమానత్వం అంటున్నారుగా, అందరూ కలిసి పరిగెత్తండి" అనేవాళ్ళ మాట పైకి సమానంగా వినపడుతుంది. అమలు చేస్తే మాత్రం సగం మంది పిల్లలు గ్రౌండు వదిలి ఇంటికి పోతారు.

ఈ విభాగం ఊరికే దయతలచి ఇచ్చింది కూడా కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు మొదటిసారి 800 మీటర్లు పరిగెత్తారు. వాళ్ళు అలసిపోయారని, అంత దూరం ఆడవాళ్ళ ఒంటికి పడదని ఆ పోటీనే తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. మారథాన్ 1984లో వచ్చింది. 400 మీటర్ల హర్డిల్స్ కూడా ఆడవాళ్ళకు అప్పుడే, 1984లోనే. మన పీటీ ఉష సెకనులో వందోవంతు తేడాతో పతకం పోగొట్టుకున్న పరుగు అదే. 55.42. ఇక వెయిట్‌లిఫ్టింగ్. మగవాళ్ళకు 1896లో మొదటి ఒలింపిక్స్ నుంచే ఉంది. ఆడవాళ్ళకు ఎప్పుడు పెట్టారో తెలుసా? 2000లో. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో ప్రపంచ చాంపియన్. అంతటి ఊపులో ఉండగా 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జరిగాయి. అక్కడ ఆమె ఎత్తడానికి పోటీయే లేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆగి, బరువు విభాగం మారి, సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. భారతదేశానికి ఒక ఆడమనిషి తెచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అది. విభాగం ఉంటే ఏమవుతుందో, లేకపోతే ఏం పోతుందో ఆమె జీవితం ఒక్కటి చూస్తే చాలు.

ఇంతవరకు విభాగం తరఫున మాట్లాడాను. ఇప్పుడు కారణం లేని గోడల గురించి.

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ షూటింగ్, అంటే గాల్లోకి విసిరిన మట్టి బిళ్ళల్ని తుపాకీతో కొట్టే ఆట, ఆడ మగ కలిసి ఆడే పోటీ. చైనా అమ్మాయి జాంగ్ షాన్ తొలి రౌండ్లలో 200కు 200 కొట్టి, మగవాళ్ళందరినీ దాటి స్వర్ణం గెలిచింది. తర్వాతి ఒలింపిక్స్‌లో స్కీట్ మగవాళ్ళకే పరిమితం. ఆడవాళ్ళకు వేరే స్కీట్ పోటీ కూడా పెట్టలేదు. అంటే 1996లో ఆ చాంపియన్‌కు తన పతకాన్ని నిలబెట్టుకునే అవకాశమే లేదు. ఆడవాళ్ళకు స్కీట్ మళ్ళీ 2000లోనే. ఆమెను కాపాడటానికి ఆ గోడ కట్టారని ఎవరైనా అనగలరా? గుర్రపు స్వారీ చూడండి. ఒలింపిక్స్‌లో ఈనాటికీ ఆడ మగ ఒకే పోటీలో దిగుతారు, ఎవరికీ ఇబ్బంది రాలేదు.

చదరంగంలో బలం పనేమీ లేదు. మన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. మగవాళ్ళకిచ్చే టైటిల్ అదే, ఆడవాళ్ళకని తగ్గించింది కాదు. మరి ఆడవాళ్ళకు వేరే టోర్నమెంట్లు ఎందుకున్నాయి? బోర్డు దగ్గరికి వచ్చే ఆడపిల్లలు తక్కువ కాబట్టి, వాళ్ళకొక వేదిక, కాస్త ప్రైజ్ మనీ, తోడు కావాలి కాబట్టి. అదీ న్యాయమైన కారణమే, నాకు అభ్యంతరం లేదు. కానీ అది వేరే కారణం. పిల్లలకు ఆ సంగతి సరిగ్గా చెప్పాలి. "మీకు బుర్ర తక్కువ కాబట్టి వేరుగా" అని పిల్ల అనుకునేలా మనం వదిలెయ్యకూడదు. స్కూల్లో క్యారమ్స్‌కు కూడా ఆలోచించకుండా రెండు జాబితాలు రాస్తాం. నాలుగు, అయిదు తరగతుల పిల్లల పరుగు పందేలకూ రెండు గీతలు గీస్తాం. ఆ వయసులో కలిపి ఆడించండి. ఆడపిల్ల మగపిల్లాణ్ణి ఒకసారి ఓడించి, వాడు ఆమె చేతిలో ఒకసారి ఓడి, ఇద్దరూ కలిసి నీళ్ళ పంపు దగ్గరికి పోతే, పెద్దయ్యాక ఇద్దరికీ మంచిది.

ఇంకొక గోడ ఉంది. విభాగం పేరుకు ఉంటుంది గానీ లోపల ఏమీ ఉండదు. ఒకచోట కబడ్డీ ఫైనల్స్‌కు వెళ్ళాం. మే నెల. మగపిల్లల ఫైనల్ సాయంత్రం లైట్ల కింద, ఊరి పెద్దలు, డప్పులు. ఆడపిల్లల ఫైనల్ పన్నెండింటికి, మిట్టమధ్యాహ్నం, కాలే మట్టి మీద. ఎందుకండీ అంటే, సాయంత్రం జనం వచ్చేది మగపిల్లల ఆట చూడ్డానికమ్మా అన్నారు. జనం ఎట్టా వస్తారు, మనం పన్నెండింటికి పెడితే? బట్టలు మార్చుకోను గది లేదు. నలుగురు పిల్లలు చున్నీలు అడ్డం పట్టుకుంటే ఒకరు మార్చుకున్నారు. ఆ ఏడాది అరికాళ్ళు బొబ్బలెక్కి సెమీస్‌లో ఆడలేకపోయిన పిల్లను నేనే చేతుల్లో ఎత్తుకుని బయటికి తెచ్చాను. బీసీసీఐ 2022 అక్టోబరులో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మ్యాచ్ ఫీజు ఒకటే చేసింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. 2025 నవంబరులో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచారు. కడప పిల్ల శ్రీచరణి ఆ జట్టులో బౌలింగ్ వేసింది. ఆడిన రోజున స్టేడియం నిండింది కదా. వేళ మంచిదైతే, మైదానం మంచిదైతే జనం వస్తారు.

ఇక అసలు కష్టమైన చోటికి వస్తున్నాను. పిల్లలు కాస్త జాగ్రత్తగా వినండి.

విభాగం పెట్టాక, అందులోకి వచ్చినవాళ్ళు ఆ విభాగం వాళ్ళేనా అని చూడాలి. బండలాగుడులో గిత్త నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతారు. దానికి సిగ్గు లేదు, దాని గురించి రేపు ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోరు. ఆడపిల్ల విషయంలో అదే పని చేశారు. 1966లో బుడాపెస్ట్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్‌కు వచ్చిన ఆడవాళ్ళను బట్టలు విప్పించి డాక్టర్ల ముందు నడిపించారు. దానికి లోకం ఛీ కొడితే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌కు వచ్చేసరికి బుగ్గ లోపలి నుంచి కణాలు తీసి క్రోమోజోమ్ పరీక్ష మొదలుపెట్టారు. అదైతే శాస్త్రం, గౌరవంగా ఉంటుంది అన్నారు. 1985లో స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసె మార్టినెజ్ పాటిన్యో ఆ పరీక్షలో తప్పింది. ఆమె క్రోమోజోములు ఎక్స్‌వై, అంటే సాధారణంగా మగవాళ్ళలో ఉండే రకం. కానీ ఆమె ఒళ్ళు టెస్టోస్టిరాన్‌ను అసలు స్వీకరించదు. పుట్టుకతో వచ్చిన స్థితి అది. హార్మోను ఉన్నా లేనట్టే, ఆటలో దానివల్ల ఆమెకు ఏ లాభమూ లేదు. అయినా స్కాలర్‌షిప్ పోయింది, రికార్డులు కొట్టేశారు, పెళ్ళి చేసుకుంటానన్న మనిషి వెళ్ళిపోయాడు. ఆమె పోరాడి 1988లో మళ్ళీ అర్హత తెచ్చుకుంది. అప్పటికి మంచి వయసు కరిగిపోయింది.

1996 అట్లాంటాలో 3,387 మంది ఆడవాళ్ళను పరీక్షించారు. సాధారణంగా మగవాళ్ళలో ఉండే ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఎనిమిది మందిలో కనపడింది. విచారించి ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. ఆడవేషం వేసుకుని వచ్చిన మగవాడు ఒక్కడూ దొరకలేదు. అందుకే 1999లో ఒలింపిక్ కమిటీ ఈ పరీక్షలు ఆపేసింది.

ఆపేశాక కూడా శాంతి సౌందరరాజన్‌కు ఏం జరిగిందో చూడండి. మన పక్క రాష్ట్రం, పుదుక్కోట్టై జిల్లా. ఇటుకబట్టీలో పనిచేసే అమ్మానాన్న. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్లలో రజతం. ఆ వెంటనే ఆమెను పరీక్షలకు తీసుకెళ్ళారు. ఏం పరీక్షో, ఎందుకో ఆమెకు తెలిసే భాషలో చెప్పినవాళ్ళు లేరు. ఇంటికి వచ్చేసింది. తర్వాత ఆమె గురించి దేశమంతా టీవీలో విన్నది. పతకం తీసేసుకున్నారు. మరుసటి సంవత్సరం ప్రాణం తీసుకోబోయింది. తర్వాత బతుకు తెరువుకు తానూ ఇటుకబట్టీలో పనికి వెళ్ళింది. చాలా ఏళ్ళకు తమిళనాడు ప్రభుత్వం కోచ్ ఉద్యోగం ఇచ్చింది. ఆమె ఏ మందూ తీసుకోలేదు, ఏ కాగితమూ దొంగది పెట్టలేదు. ఆడపిల్లగా పుట్టిందన్నారు, ఆడపిల్లగా పెరిగింది, ఆడపిల్లల వరుసలో పరిగెత్తింది. నియమం ప్రకారం అర్హత ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని వాదించవచ్చు. కానీ ఒక మనిషి ఒంటి రహస్యాన్ని, ఆ మనిషి కంటే ముందు పత్రికలకు చేరవేసే హక్కు ఎవరికిచ్చారు? అలా చేసినవాళ్ళలో ఒక్కరికైనా శిక్ష పడిందా?

ద్యుతీ చంద్ కథ మన హైదరాబాద్‌తో ముడిపడి ఉంది. ఒడిశా నేత కార్మికుల బిడ్డ, హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ గారి దగ్గర సాధన చేసింది. 2014లో కామన్వెల్త్ క్రీడలకు ముందు, నీ ఒంట్లో టెస్టోస్టిరాన్ ఎక్కువుందని జట్టులోంచి తీసేశారు. ఈ పిల్ల మాత్రం ఊరుకోలేదు. స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్ళింది. 2015 జులైలో ఆ కోర్టు అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్యను అడిగింది: సహజంగా పుట్టిన ఈ హార్మోను వల్ల లాభం ఎంత, లెక్క చూపించండి అని. చూపించలేకపోయారు. నిబంధన ఆగిపోయింది. 2018 ఆసియా క్రీడల్లో ఆమె రెండు రజతాలు తెచ్చింది. తర్వాతెప్పుడో డోపింగ్ కేసులో నాలుగేళ్ళ నిషేధం పడింది. అది వేరే సంగతి, దానికీ దీనికీ సంబంధం లేదు. గీత గీసినవాళ్ళు కారణం చెప్పాలని నేను మొదట అన్నాను చూశారా, ఆ మాట క్రీడా న్యాయస్థానంలో నిలబడి అడిగింది పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ ఈ అమ్మాయే.

దక్షిణాఫ్రికా పరుగుల రాణి క్యాస్టర్ సెమెన్యా కేసు ఇంకా చిక్కు. 2009లో ప్రపంచ చాంపియన్. తర్వాత వచ్చిన నిబంధనలు, మందులు వాడి హార్మోను తగ్గించుకుంటేనే పరిగెత్తమన్నాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిని, జబ్బు లేకుండా, మందు మింగమనడం. 2019లో క్రీడా న్యాయస్థానం తీర్పు చూడండి: ఈ నిబంధన వివక్షే, అయినా ఆడవాళ్ళ విభాగాన్ని కాపాడటానికి అవసరం అంది. 2025 జులైలో యూరప్ మానవ హక్కుల కోర్టు, ఆమె వాదనను స్విట్జర్లాండ్ కోర్టు న్యాయంగా వినలేదని తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య పాత ఎస్‌ఆర్‌వై పరీక్షను మళ్ళీ తెచ్చింది. ప్రపంచ స్థాయి పోటీకి వచ్చే ప్రతి అమ్మాయీ ఒక్కసారి చేయించుకోవాలి. 1990లో ఆ జన్యువును కనుక్కున్న శాస్త్రవేత్త ఆండ్రూ సింక్లెయిరే దీన్ని ఇలా వాడకూడదని రాశారు. జన్యువు ఉందో లేదో ఈ పరీక్ష చెబుతుంది, ఒళ్ళు దాన్ని వాడుకుందో లేదో చెప్పదు.

"పుట్టుకతో వచ్చిన వరం కదా, బోల్ట్ పొడుగు కూడా వరమేగా" అని ఒక వాదన. ఫిన్లాండ్ స్కీయర్ ఈరో మాంటిరాంటాకు పుట్టుకతోనే రక్తంలో ఎర్రకణాలు విపరీతం. ఒలింపిక్స్‌లో ఏడు పతకాలు గెలిచాడు. ఎవరూ ఆయన్ను రక్తం తగ్గించుకోమనలేదు. ఈ వాదనలో బలముంది, కానీ సగమే. మనం పొడుగును బట్టి, రక్తాన్ని బట్టి విభాగాలు పెట్టలేదు. మగతనం తెచ్చే బలాన్ని బట్టి పెట్టాం. ఆ బలమే ఒకరి ఒంట్లో పూర్తిగా ఉంటే, పక్క లేన్‌లో పరిగెత్తే మరో పేదపిల్ల మాట ఏమిటి? ఆమెకూ తల్లిదండ్రులున్నారు, ఆమె ఇంట్లోనూ అప్పులున్నాయి. ఈ రెండో పిల్లను మర్చిపోయి మాట్లాడేవాళ్ళతో నేను ఏకీభవించలేను. అనుమానం ఉన్నచోట మాత్రం నా ఓటు ఆడపిల్లగా పుట్టి పెరిగిన పిల్లకే. లాభం ఉందని నిరూపించాల్సింది సమాఖ్య. నిరూపించినా గుట్టుగా, డాక్టరు గదిలో, ఆ పిల్లకు ముందు చెప్పి, ఆమె చదువుకూ ఉద్యోగానికీ దారి చూపించి. ఒంట్లోకి మందు పంపి కాదు.

ట్రాన్స్ మహిళల గురించి పిల్లలు చీటీ పంపారు. దాటవేయను. మగపిల్లాడిగా ఈడొచ్చి, పెద్దయ్యాక స్త్రీగా మారినవాళ్ళ రక్తంలో హిమోగ్లోబిన్, హార్మోను మందులతో మూడు నాలుగు నెలల్లో ఆడవాళ్ళ స్థాయికి దిగుతుంది. కండబలం మాత్రం ఏడాది గడిచినా కొద్దిగానే తగ్గుతుంది. పొడుగు, ఎముక మారవు. కాబట్టి దేశ స్థాయి, ప్రపంచ స్థాయి పోటీల్లో, పరుగు, బరువులు, కుస్తీ లాంటి వాటిలో ఆడవాళ్ళ విభాగంలోకి వాళ్ళు రాకూడదన్న నిబంధన సరైనదనే నా అభిప్రాయం. 2023లో అథ్లెటిక్స్ సమాఖ్య అదే చేసింది. చెప్పడానికి నాకు సంతోషంగా లేదు. లారెల్ హబ్బర్డ్ అనే న్యూజిలాండ్ లిఫ్టర్ టోక్యో ఒలింపిక్స్‌కు వస్తే ప్రపంచమంతా గోల చేసింది. ఆమె మూడు ప్రయత్నాల్లోనూ బరువు ఎత్తలేక వెళ్ళిపోయింది. నియమం వేరు, ఒక మనిషి వెంటపడి వేధించడం వేరు. పోనీ ఓపెన్ విభాగం పెడతాం అని ఈత సమాఖ్య 2023లో బెర్లిన్‌లో పెట్టింది. ఒక్కరూ పేరివ్వలేదు. అంతమంది కళ్ళ ముందు, మేం వేరే అని బోర్డు కట్టుకుని నిలబడటం ఎవరికి ఇష్టం? సుప్రీంకోర్టు 2014లోనే వాళ్ళ గుర్తింపును ఒప్పుకుంది, 2019లో చట్టం వచ్చింది. మన కాలేజీ స్పోర్ట్స్ డేలో, ఊరి వాలీబాల్‌లో ట్రాన్స్ పిల్ల ఆడతానంటే ఆడనివ్వండి. అక్కడ స్వర్ణపతకం పోయేదేమీ లేదు, ఒక బిడ్డకు సాయంత్రం నలుగురితో గడిచే గంట దొరుకుతుంది.

ఇదంతా ఎక్కడో పెద్దవాళ్ళ పోటీల గొడవ అనుకుంటున్నారేమో. మన పడమటి మండలాల్లో ఒకచోట అండర్-17 ఆడపిల్లల కబడ్డీ. ఒక జట్టులో కూతకెళ్ళే పిల్ల బాగా పొడగరి. తిరుపతిలో తలనీలాలిచ్చి కొన్ని నెలలే అయింది, జుట్టు ఇంకా చెవుల దాకా రాలేదు. కూతకెళ్ళిందంటే ఇద్దరినో ముగ్గురినో తాకి వచ్చేస్తోంది. అవతలి జట్టు వెనకబడింది. వాళ్ళ వెంట వచ్చిన ఒకాయన లేచి, "ఏంది మేడం, మగపిల్లోణ్ణి తెచ్చి దించారా? లోపలికి తీసకపోయి చూడండి" అని అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంకో ఇద్దరు వంత పాడారు. నేను ఆట ఆపి, స్టడీ సర్టిఫికెట్, ఆధార్ బల్ల మీద పెట్టాను. "అనుమానం ఉంటే కాగితం మీద రాసి, పేరు పెట్టి సంతకం చెయ్యండి, పైకి పంపుతాను. ఈ పిల్ల మీద ఇక్కడ ఎవరూ చెయ్యి వెయ్యరు" అన్నాను. సంతకానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఆట మళ్ళీ మొదలైంది. కానీ ఆ పిల్ల ఇక కూతకు వెళ్ళలేదు. వాళ్ళ కెప్టెన్ వెళ్ళమని వీపు తట్టినా తల అడ్డంగా ఊపి, కార్నర్‌లో నిలబడి, టీ షర్టు కిందికి లాక్కుంటూ ఉండిపోయింది. గెలవాల్సిన ఆట ఓడిపోయారు. మరుసటి ఏడు జట్టులో లేదు. వాళ్ళ పీఈటీతో కలిసి ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మ మంచినీళ్ళిచ్చి, "ఆడపిల్ల కాదన్న మాట ఊళ్ళో పడితే రేపు సంబంధాలు ఎట్టా వస్తాయమ్మా? మీరు మంచోళ్ళే, మా బిడ్డను వదిలెయ్యండి" అంది. ఆ తల్లికి నేనేం చెప్పగలను? పరీక్ష ఏదీ జరగలేదు. ఒక్క మాట చాలింది. ఆడవాళ్ళ విభాగాన్ని కాపాడతామంటూ మగాళ్ళలా కనిపించే ఆడపిల్లల్ని వెతకడం మొదలుపెడితే, పొట్టి జుట్టు, గట్టి భుజాలు, బొంగురు గొంతు ఉన్న ప్రతి పిల్లా ముద్దాయే. ఆటకు కావాల్సింది ఆ గట్టి భుజాలే కదా, మనం ఏళ్ళ తరబడి వాళ్ళకు పుషప్స్ చేయించి తెప్పించింది అవే కదా!

అందుకని ఇక్కడున్న పీఈటీలను ఒకటి అడుగుతున్నాను. మన స్థాయి పోటీల్లో, మండలం గానీ జిల్లా గానీ, పుట్టిన సర్టిఫికెట్, స్కూల్ రికార్డు చాలు. నోటిమాట ఫిర్యాదు తీసుకోవద్దు. రాతపూర్వకంగా ఇచ్చినా అది హెడ్మాస్టరు బీరువాలో ఉండాలి, గ్రౌండు మైకులో కాదు. ఒళ్ళు చూడమన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, ఆ మనిషిని ఆ రోజు గ్రౌండు బయటికి పంపించండి. పెద్దాయనైనా సరే, ప్రైజులకు డబ్బిచ్చిన దాతైనా సరే. రాష్ట్ర స్థాయి దాటి వెళ్ళే పిల్లలకు ముందుగానే కూర్చోబెట్టి చెప్పండి, అక్కడ ఏ పరీక్షలు ఉంటాయో, ఏ కాగితం మీద సంతకం పెట్టమంటారో, అర్థం కాకపోతే పెట్టక్కర్లేదని. శాంతికి ఆ నాలుగు మాటలు చెప్పినవాళ్ళు లేరు.

వచ్చే టోర్నమెంటుకు షెడ్యూలు రాసేది కూడా మీరే. ఆడపిల్లల ఫైనల్ సాయంత్రం అయిదింటికి రాయండి, బట్టలు మార్చుకునే గదికి గడియ ఉందో లేదో ముందురోజే చూసుకోండి.

నేను చెప్పాలనుకున్నది చెప్పాను. ఇక ప్రశ్నలు. ముందు ఆ వెనక వరుస అమ్మాయిలకు మైకివ్వండి.